జామచెట్టు కింద మల్లిగాడు

హన్మకొండ నుంచి ఒక ఇల్లాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు సంగతులు మార్చి, మిగతాది ఆమె చెప్పినట్టే క్లుప్తంగా ఇస్తున్నాను.

పదమూడేళ్ల కింద సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు పోయినప్పుడు ఆమె మామగారు చలికి వణుకుతున్న కుక్కపిల్లనొకదాన్ని తువ్వాలలో చుట్టుకొని ఇంటికి తెచ్చారు. మల్లన్న దగ్గర దొరికింది కాబట్టి మల్లిగాడన్నారు. మామగారు ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. డ్యూటీ దిగి ఏ అర్ధరాత్రో వస్తే ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నా గేటు దగ్గర లేచి నిలబడేవాడు మల్లిగాడొక్కడే.

ఈ ఏడు వాడి కిడ్నీలు చెడిపోయాయి. తిండి మానేశాడు. నోట్లో పుండ్లు, వాంతులు. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎంత చెడ్డాయో చెప్పే లెక్క, తొమ్మిది దాటింది. ఆషాఢం చివర్లో ఒకరోజు లేవలేక మూత్రంలోనే పడుకున్నాడు. ఆ రోజు మామగారు ఊళ్లో ఎవరో పోతే చూడటానికి వెళ్లారు. ఈమె, ఇంటర్ చదివే కూతురు కలిసి వాడిని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఇక లాభం లేదు, బాధ లేకుండా ఇంజక్షన్ ఇస్తానన్నారు డాక్టరు. భర్తకు ఫోన్ చేస్తే "నీ ఇష్టం" అన్నారు. ఈమె సంతకం పెట్టారు. సాయంత్రం మామగారు వచ్చేసరికి వరండాలో మల్లిగాడి మీద బట్ట కప్పి ఉంది. "నిద్రలనే పోయిండు మామయ్యా" అని చెప్పారు.

ఆ రాత్రి వాన. పెరట్లో జామచెట్టు కింద భర్త, మరిది గడ్డపారలతో తవ్వితే రెండున్నర అడుగులకు మొరం తగిలింది. ఇక దిగలేదు. మామగారి పాత ధోతిలో చుట్టారు. వాసన రావొద్దని మరిది దాని మీద ప్లాస్టిక్ టార్పాలిన్ చుట్టి, ఐదు కిలోల దొడ్డుప్పు పోసి, మన్ను కప్పారు.

ఇప్పటికి నాలుగు నెలలు. ఈలోపు బాబుకు డెంగీ వచ్చి తగ్గింది. బోరు మోటరు కాలింది. జామాకుల అంచులు మాడుతున్నాయి. "ఇంట్ల పీనుగును పెట్టుకొని సుఖపడ్డోళ్లు ఉన్నరా" అని అత్తమ్మ. వీధికుక్కలు ఒక రాత్రి గోడ దూకి వచ్చి అక్కడ గీరాయి. పక్కింటాయన తన బోరు గోడకు పన్నెండు అడుగుల్లోనే ఉందని, కార్పొరేషన్‌కు చెప్తానని అంటున్నారు. వీటన్నిటి మీద ఇంకొకటి. ఆ మూడువందల గజాల పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇవ్వాలని అన్నదమ్ములు అనుకున్నారు. ఉగాది దాటితే పని మొదలు. ప్లానులో ఒక పిల్లరు సరిగ్గా జామచెట్టు దగ్గరే పడుతోంది. ఇప్పుడే తీసి పరకాల దిక్కున్న పొలంలో పెడదామని మరిది. "వాన్ని కదిలిస్తే నేను గీ ఇంట్ల ఉండ" అని మామగారు. పొద్దుమూకితే చాలు, కుర్చీ వేసుకొని అక్కడే కూర్చుంటున్నారట.

"మల్లిగాన్ని తీయాల్నా, ఉండనియ్యాల్నా? మామయ్యకు నిజం చెప్పాల్నా, వద్దా?" అని అడిగారు.

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో తొందరపడాల్సింది ఒక్కటే ఉంది. దాని గురించి మీరు రెండు లైన్లే రాశారు. వీధికుక్కలు గీరిన సంగతి. మిగతావన్నీ నెల ఆగినా మునిగిపోయేది లేదు. ఇది ఈ వారంలోనే కావాలి.

గుంత ఎంత లోతు తవ్వారన్నది లెక్క కాదు, మల్లిగాడి మీద ఎంత మన్ను ఉందన్నది లెక్క. రెండున్నర అడుగుల గుంతలో అడుగు ఎత్తు వాడే ఉంటే పైన మిగిలింది అడుగున్నర. ఒక వానాకాలం పోయింది కాబట్టి అదీ అణగి ఉంటుంది. మీద మూడడుగుల మన్ను ఉంటే తప్ప కుక్కల ముక్కును నమ్మలేం. మొరం వల్ల కిందికి దిగలేకపోయారు. తప్పు కాదు, హన్మకొండలో గుట్టల పక్కన ఇల్లున్న ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. కిందికి పోలేకపోతే పైకి పోయాలి. ఒక ఆటో ట్రాలీ ఎర్రమన్ను తెప్పించండి. గుంత అంచులకు నాలుగు దిక్కులా రెండేసి అడుగులు దాటేట్టు పోసి, తొక్కి, మధ్యలో ఎత్తుగా అంచులకు వాలుగా చేయండి. నీళ్లు నిలవొద్దు, జారిపోవాలి. జామచెట్టు మొదలుకు మాత్రం మన్ను ఆనించకండి, జానెడన్నా ఎడం ఉంచండి, లేకుంటే మొదలు కుళ్లుతుంది. ఆ కుప్ప మీద షాబాద్ బండలు పరిస్తే ఇక ఏ పంజా దిగదు. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ రహస్యమూ బయటపెట్టక్కర్లేదు. మల్లిగాడు అక్కడే ఉంటాడా లేదా అన్నది ఇంకా తేలకపోయినా ఇది చేయాల్సిందే.

ఇప్పుడు మీ మరిది మాట. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనడం లేదు. వానలో తవ్విన చేతులు అవి. కానీ ఇప్పుడు తవ్వడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. ఎందుకో వివరంగా చెప్తాను, ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి.

బట్టలో చుట్టి మన్ను కప్పితే దేహం మన్నులో కలుస్తుంది. ప్లాస్టిక్ ఆ పనికి అడ్డం. గాలి, మన్నులోని సూక్ష్మజీవులు లోపలికి పోవు, లోపలి తడి బయటికి రాదు. ఇక ఉప్పు. మన దగ్గర బొందలో ఉప్పు పోయడం అలవాటే, తొందరగా కరిగిపోతుందని నమ్మకం. మామిడికాయ తొక్కును ఏడాది పొడుగునా నిలవుంచేది ఏమిటో మీ అత్తమ్మను అడగండి. ఉప్పు కుళ్లనివ్వదు. సున్నం సంగతీ ఇంతే, చాలామంది అనుకునేదానికి అది తలకిందులు. టార్పాలిన్, ఉప్పు, పైన నాలుగు నెలల వాన తడి. మామూలుగా బట్టలో పెట్టిన కుక్కకే ఎముకలు మిగిలే దశకు ఏడాదీ రెండేళ్లూ పట్టొచ్చు. మీ మరిది ఇప్పుడు గడ్డపార వేస్తే బయటికి వచ్చేది ఎముకలు కాదు. ఆ దృశ్యం మీ మామగారు చూడకూడదు. మీ పిల్లలు చూడకూడదు. నిజానికి మీ మరిది కూడా చూడకూడదు.

జామాకుల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉప్పు వేళ్లకు తగిలితే ఆకులు అంచుల నుంచే మాడతాయి. దానికి తోడు తవ్వినప్పుడు కొన్ని వేళ్లు తెగి ఉంటాయి. అది అపశకునం కాదు, దొడ్డుప్పు. ఎండిన కొమ్మలు కత్తిరించి వదిలేయండి. రెండు వానాకాలాలకు ఉప్పు కడుక్కుపోతుంది. అప్పటిదాకా చెట్టు నిలిస్తే నిలుస్తుంది, హామీ ఇవ్వలేను. బాబు డెంగీకి కారణం నిలవ నీళ్లలో పెరిగి పగటిపూట కుట్టే దోమ. పాత డ్రమ్ములు, కూలర్ తొట్టి చూసుకోండి. మోటర్ల గురించి నన్నడక్కండి, మా ఇంట్లో ఏ కుక్కనూ బొందపెట్టకుండానే రెండు కాలిపోయాయి.

పక్కింటాయన మీద మీరు కోపంగా రాశారు. ఆయన అడగడంలో తప్పు లేదు. తాగే నీళ్ల బావికి పదుల మీటర్ల దూరంలో పూడ్చాలని కొన్ని దేశాల్లో నియమం ఉంది. మూడువందల గజాల ఇంట్లో ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? మన పట్టణాల్లో కుదరని లెక్క అది. అయినా భయపడేంత ప్రమాదం ఇక్కడ లేదు. ఉన్నది ఒక్క కుక్క. బోరుకు రాయి తగిలేదాకా కేసింగు పైపు సరిగా దించి ఉంటే పైమన్నులోని తడి నేరుగా లోపలికి పోదు. చేదబావి అయితే నేను ఇంత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు. మీ రెండిళ్లలోనూ తాగేది నల్లా నీళ్లే అన్నారు. బోరు నీళ్లు అంట్లకు, బట్టలకు. అలాగే ఉంచండి, తాగడానికి వంటకు వాడకండి. ఆయన బోరు నీళ్లను, మీ బోరు నీళ్లను ఒకసారి పరీక్షకు ఇవ్వండి, ఖర్చు మీరు పెట్టుకోండి. ఆ కాగితం తీసుకుపోయి ఆయన చేతికివ్వండి. ఎర్రమన్ను పోసి బండలు వేసిన రోజే ఆయన్ను పిలిచి చూపించండి. ఆ తర్వాత కూడా కార్పొరేషన్ దాకా పోయే మనిషైతే కారణం కుక్క కాదు, ఇంకేదో పాత తగాదా.

ఇంజక్షన్ దగ్గరికి వస్తాను.

మీరు చేసింది తప్పా అని సూటిగా అడగలేదు గానీ ఏడు పేజీలూ అదే అడుగుతున్నాయి. కుక్కల్లో క్రియాటినిన్ ఐదు దాటితేనే కిడ్నీ జబ్బు ఆఖరి దశ కింద లెక్కిస్తారు. మల్లిగాడికి తొమ్మిది దాటింది. ఒంట్లో విషం పేరుకొని నోట్లో పుండ్లు పడి, నీళ్లు తాగినా వాంతి. అది అక్కడి నుంచి వెనక్కి వచ్చే జబ్బు కాదు. ఇంజక్షన్ ఇవ్వకపోతే వాడు ఇంకో రెండు రోజులో నాలుగు రోజులో ఉండేవాడు. ఆ రోజులు ఎట్లా గడిచేవో మీకు తెలుసు, ఆ ఉదయం మూత్రంలోంచి ఎత్తి తుడిచింది మీరే. మత్తుమందు మోతాదు ఎక్కించి చేసే పని అది. మొదట స్పృహ పోతుంది, తర్వాతే శ్వాస ఆగుతుంది. వాడికి తెలిసిన చివరి సంగతి మీ చేయి తన తల మీద ఉండటం.

కానీ ఆ మందు దేహంలోనే ఉండిపోతుంది. మన్ను సంగతి మీ రహస్యంతో కలిసేది ఇక్కడే. ఇట్లాంటి ఇంజక్షన్‌లో వాడే పెంటోబార్బిటాల్ లాంటి మత్తుమందులు పూడ్చిన దేహంలో, చుట్టూ మన్నులో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా నిలుస్తాయి. అట్లాంటి కళేబరాన్ని తవ్వి తిన్న కుక్క కూడా మత్తులో పడి చావొచ్చు. బతికున్న పశువుకు ఇచ్చిన మందు చచ్చాక ఎవరిని చంపుతుందో మన దేశానికి బాగా తెలిసిన పాఠమే. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల్ని తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేనాటికి చాలా ఆలస్యమైంది. మన ఉత్తర తెలంగాణలో ఇప్పుడు రాబందు అంటే బెజ్జూరు అడవి దిక్కు పోయి గుట్ట అంచుల్లో వెతుక్కోవాలి. మీ డాక్టరుకు ఫోన్ చేసి ఏ మందు వాడారో కనుక్కోండి. ఏదైనా సరే, ఆ గుంత తెరుచుకోకూడదు. తెరిస్తే ఆ పని చేసేవాళ్లకు లోపల ఏముందో తెలిసి ఉండాలి. అంటే ఇంట్లో గడ్డపార లేచే రోజుకు ముందే ఇంజక్షన్ మాట బయటికి రాక తప్పదు.

చెప్పకుండా ఉండే దారి కూడా ఉంది, కాదనను. మామగారి వయసు డెబ్బై దాటింది, ఆయన మనసు ఎందుకు నొప్పించాలి అని మీరు రాశారు. నిజమే. చాలా ఇళ్లలో చాలా మాటలు ఇట్లాగే పాడె దాకా పోతాయి, ఎవరికీ నష్టం లేకుండా. కానీ మీ రహస్యం మీ ఒక్కరిది కాదు. మీ భర్తకు తెలుసు. డాక్టరు చీటీ బీరువాలో ఉంది. అన్నిటికంటే, మీ కూతురికి తెలుసు. ఆ పిల్ల తాత పక్కన కూర్చోవడం మానేసిందని మీరే ఇంకోచోట రాశారు, ఇంటర్ చదువు ఒత్తిడి అనుకుంటున్నారట. నాకట్లా అనిపించలేదు. పదిహేడేళ్ల పిల్ల రోజూ సాయంత్రం తాతకు కనిపించకుండా తప్పుకుంటోందంటే, ఆయన "నిద్రలనే పోయిండు కదా బిడ్డా" అంటే ఏమనాలో తెలియక.

మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు. గీత కిందనుంచి కనిపిస్తూనే ఉంది: "ఫోన్ చేస్తే వద్దంటడని భయమయింది." దాని బదులు పైన ఊళ్లో సిగ్నల్ ఉండదని రాశారు. మామగారితో మాట్లాడేటప్పుడు ఆ సిగ్నల్ మాట ఎత్తకండి. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, ఏ ఊళ్లో సిగ్నల్ ఉంటుందో ఆయనకు మీకంటే బాగా తెలుసు. కొట్టేసిన వాక్యమే చెప్పండి.

ఎట్లా చెప్పాలన్నది మీ ఇష్టం. మీరొక్కరే పోయి ఆ కుర్చీ పక్కన కూర్చొని చెప్తే ఆయనకు కోపం వస్తే మీ మీదే వస్తుంది, కొన్నాళ్లు మీ చేతి చాయ్ తాగరేమో. అయినా తన దగ్గరికే వచ్చి చెప్పిందన్న మాట మిగులుతుంది. భర్తను వెంట తీసుకుపోతే భారం సగమవుతుంది. "నీ ఇష్టం" అన్న మనిషికి ఆ సగం న్యాయంగా చెందాల్సిందే. కానీ ఇద్దరు కలిసి వచ్చి నిలబడితే ఆయనకు అది పంచాయితీలా తోచొచ్చు. డాక్టరు చేత చెప్పిస్తే జబ్బు సంగతి బాగా అర్థమవుతుంది, మీరు దాచిన సంగతి అట్లాగే ఉండిపోతుంది. ఒకవేళ ఆయన "నన్నెందుకు పిలువలే" అని అడిగితే, అడుగుతారు, జవాబు పొడిగించకండి. "మీరు వద్దంటరని భయపడ్డ మామయ్యా. వాని బాధ నేను చూడలేకపోయిన." అంతే. ఆ తర్వాత ఆయన ఏమన్నా అననివ్వండి. ఆయనకు పోయింది చివరి చూపు. అది తిరిగి ఇవ్వలేరు గానీ, అడిగితే ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పొచ్చు. ఆటోలో వాడు ఎవరి ఒళ్లో తల పెట్టాడో కూడా.

ఇంటి విషయం. ఏడు పేజీలు రెండుసార్లు చదివాను. అన్నదమ్ములు అనుకున్నారు, బిల్డరు ఒప్పుకున్నాడు, ప్లాను గీశారు. ఇల్లు కూలగొట్టడం మీ మామగారికి ఇష్టమేనా అని ఎవరైనా ఆయన్ను అడిగినట్టు ఒక్క వాక్యం దొరకలేదు. సంతకం పెడతానన్నారని ఉంది. పెద్దవాళ్లు పిల్లలు అడిగితే సంతకం పెడతారు. ఇంటిని వద్దనలేని మనిషి కుక్కను కదిలించొద్దని అడ్డం కూర్చోవడం నేను ఇంతకుముందు కూడా చూశాను. ఒకరింట్లో అది తులసికోట, ఇంకొకరింట్లో పాత రోలు. ఆయనకు మల్లిగాడి మీద ప్రేమ లేదని కాదు, ఉంది కాబట్టే దాని మీద ఎవరూ ఎదురు చెప్పలేరని ఆయనకు తెలుసు. కుక్క గురించి తేల్చేముందు ఇంటి గురించి ఆయన్ను అడగమని మీ భర్తకు చెప్పండి. బహుశా ఆయన కట్టమనే అంటారు. కొత్త ఇంట్లో కింది అంతస్తు, వెనక వాకిలి తనకే కావాలని అంటారేమో. అడగకపోతే తెలియదు.

ఇక తీయాలా ఉంచాలా అంటే, మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి.

నాకు మొదట తోచింది పిల్లరును జరపడం. కట్టేటప్పుడు వెనక గోడ వెంట కొంత జాగా ఎట్లాగూ వదలాలి. జామచెట్టు ఆ వదిలే జాగాలో పడుతుందా, పిల్లరు రెండు మూడడుగులు ఇటు వస్తే సరిపోతుందా అన్నది ఇంజనీరు చెప్పాలి. గీత కాగితం మీద ఉన్నప్పుడు జరపడం సులువు. అట్లా కుదిరితే ఆ చోట సెప్టిక్ ట్యాంకు, సంపు, కొత్త బోరు ఏవీ రాకుండా ముందే రాయించుకోండి. మీ మామగారి కుర్చీ ఉన్నచోటే ఉంటుంది. మీ అత్తమ్మ సణుగుడు కూడా ఉంటుంది, అది వేరే.

రెండోది పొలానికి తీసుకుపోవడం. చేయొచ్చు, ఇప్పుడు కాదు. వచ్చే ఆషాఢం దాటనివ్వండి, అంటే బిల్డరును నాలుగు నెలలు ఆపాలి. ఆపినందుకు ఆయన కిరాయో కమిషనో మాట్లాడతాడు, మీ మరిది మొహం మాడుతుంది. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే అనుకోండి. ఏడాది దాటినా టార్పాలిన్ విప్పకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తి, అక్కడ దించాక దాన్ని కోసి తీసేయాలి. ఈ పని ఇంట్లోవాళ్లు చేయొద్దు. కూలికి ఇద్దరిని పెట్టి, బూట్లు, రబ్బరు గ్లౌజులు, మాస్కులు మీరే కొనివ్వండి, లోపల మందు ఉన్న సంగతి దాచకుండా చెప్పండి. పరకాల దిక్కు మీ పొలం నల్లరేగడి అన్నారు. ఎండాకాలం రేగడి నెర్రెలు విచ్చుతుంది, చేయి దూరేంత. అందుకే అక్కడ లోతు ఐదడుగులకు తగ్గొద్దు. వ్యవసాయ బావికి, కాలువకు దూరంగా, నాగలి తిరగని మెరక చూసుకోండి. వరిమడిలో వద్దే వద్దు. ఇంకో సంగతి, ఆ పొలం ఇంకా అన్నదమ్ముల మధ్య పంచలేదని రాశారు. రేపు పంపకాల్లో ఆ చెక్క ఎవరికి పోతుందో చూసుకొని పెట్టండి. లేకుంటే మల్లిగాడు మూడోసారి కదలాలి.

మూడోది, వాడిని తీయకుండా, ఆ చోటి నుంచి పిడికెడు మన్ను మాత్రం ఊరికి తీసుకుపోయి పొలం గట్టున ఒక చెట్టు పెట్టడం. మామగారు ఒప్పుకుంటే అన్నిటికంటే తేలిక. కానీ పిల్లరు గుంత అక్కడే తీస్తే ఏదో ఒకరోజు మేస్త్రి పారకు ఎముకలు తగులుతాయి. మేస్త్రికి ముందే చెప్పి, అవి మన్ను తట్టలో పోకుండా పక్కకు తీసి పెట్టమనాలి. చెప్పకపోతే పని ఆగిపోయి పోలీసుల దాకా పోయినా ఆశ్చర్యం లేదు. ఇక హైదరాబాద్‌లో పెంపుడు జంతువుల్ని దహనం చేసే చోట్లున్నాయి కదా అని మీ కూతురు అడిగిందట. ఆషాఢంలో ఆ రోజే అయితే అది మంచి ఆలోచన. ఇప్పుడు నూటయాభై కిలోమీటర్లు ఆ మూటను తీసుకుపోవడం నాకు నచ్చలేదు.

"కుక్కకు సమాధి ఏంది, నలుగురు నవ్వరా" అన్నది మీ మరిది మాటే అనుకుంటాను. ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ అందరూ చెప్తారు, నేను చెప్పను. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో ఒక రాయి ఉండేది, ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 949-50 నాటిది. మణలేరుడనే వీరుడు తన పరాక్రమానికి మెచ్చి రాజు ఏం కావాలో కోరుకోమంటే కాళి అనే వేటకుక్కను అడిగి తెచ్చుకున్నాడు. ఆ కాళి అడవిపందితో పోరాడి, రెండూ చచ్చాయి. వెయ్యేళ్ల కింద వాళ్లు గుడి ముందర ఆ కుక్కకు రాయి నిలిపి, కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ చెక్కించి, భూమి కూడా రాసిచ్చారు. అప్పుడు ఎవరైనా నవ్వారేమో తెలియదు, రాయి మాత్రం నిలిచింది.

మీ అత్తమ్మ గురించి చివరికి వచ్చాను, మీరూ చివరికే రాశారు. ఆమె నమ్మకాన్ని నేను వాదించి గెలవలేను, మీరూ ప్రయత్నించకండి. ఇంటి ఈశాన్యంలోనో వాకిలి ముందరో కాకుండా పెరట్లో ఓ మూలకు ఉంది కాబట్టి, ఇంటి అయ్యగారిని పిలిచి ఒక పూట శాంతి చేయిస్తే ఆమె మనసు కుదుటపడుతుందంటే చేయించండి. అందులో ఎవరూ ఓడిపోయేది లేదు. కానీ మీరు మధ్యలో ఒక మాట రాసి దాటిపోయారు: అత్తమ్మ ఇప్పటికీ రాత్రి ఒక రొట్టె ఎక్కువే చేస్తోందని, పొద్దున అది గోడ మీద కాకులకు పోతోందని. మా చిన్నప్పుడు నర్సంపేట దిక్కు మా ఊళ్లో నాయన ముసలి ఎద్దును పొలం గట్టున బొందపెట్టాడు. పసుపు రాసి, కొత్త తువ్వాల కప్పి. జేసీబీలు లేని కాలం, ఆరుగురు మధ్యాహ్నం మొదలుపెడితే దీపాల వేళకు గుంత అయింది. ఆ ఎద్దును బతికినన్నాళ్లూ తిట్టిపోసింది మా నాయనమ్మ. అది పోయాక కొట్టంలో వారం రోజులు కుడితి తొట్టి నింపుతూనే ఉంది. ఎందుకే అంటే "చేయి అలవాటు" అంది. మీ అత్తమ్మ కూడా పదమూడేళ్లు రొట్టె వేసిన మనిషి. ఇంట్లో అందరూ మామగారిని ఓదారుస్తున్నారు. ఆమెను ఎవరన్నా పలకరించారా?

ఆ మన్ను కుప్ప మీద ఏం పెట్టాలని కూడా అడిగారు. తవ్వి నాటే మొక్క ఏదీ వద్దు. మీ పెద్దలకు అభ్యంతరం లేకపోతే, వచ్చే తొలకరికి బండల మధ్య గునుగు విత్తనాలు చల్లండి. దాని వేళ్లు లోతుకు పోవు, బతుకమ్మ నాటికి పూస్తుంది. ఆ పూలు బతుకమ్మలో పేర్చాలా వద్దా అన్న పంచాయితీ మీ అత్తమ్మకే వదిలేయండి.

ముందు ఆ ట్రాలీ మన్ను. తర్వాత మామగారితో మాట. ఆ తర్వాత ఇంజనీరు. ఆయన దగ్గరికి పోయేముందు జామచెట్టు మొదలు నుంచి వెనక గోడకు, పక్క గోడకు ఎన్ని అడుగులుందో టేపు పెట్టి కొలిచి రాసుకోండి. ఒక్కరితో అయ్యే పని కాదు అది. టేపు రెండో కొస మీ మామగారిని పట్టుకోమనండి.